నీలం బిళ్ళ

"ఆ బండి నేనెక్కను," అన్నాడు వెర్లిన్, గుండె మీద చేయి తీయకుండానే.

ఇంటి ముందు గడ్డిలో వెల్లకిలా పడి ఉన్నాడు. గడ్డి కోసే యంత్రం పక్కనే ఇంకా రొద చేస్తోంది. ముఖం పాలిపోయింది, చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. అంబులెన్స్‌లో వచ్చిన అమ్మాయి టెస్ అతని నాడి చూస్తున్నదల్లా తలెత్తింది.

"ఏ బండి సార్?"

"అదే, మీరేసుకొచ్చిన ఆ డబ్బా. షెవర్లే అది."

అతని భార్య ఆర్లిస్ గడ్డిలో అతని పక్కనే మోకాళ్ళ మీద కూలబడింది. వెర్లిన్ డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. కాబోయే అల్లుడు పోటీ కంపెనీ షెవర్లే కారులో వస్తే, బండి పక్క వీధిలో పెట్టించి, వానలో నడిపించుకొచ్చిన ఘనుడు. ఇన్నాళ్ళూ ఆ పిచ్చి చూసి నలుగురిలో నవ్వేది ఆవిడ. ఇప్పుడు అదే పిచ్చి మొగుణ్ణి మింగేసేలా ఉంది.

"చచ్చిపోతావ్ వెర్లిన్. నోరు మూసుకుని ఎక్కు."

"చస్తే ఫోర్డ్‌లోనే చస్తా."

టెస్ అంబులెన్స్ వైపు చూసింది. దాని ముందు భాగాన ఏ కంపెనీ గుర్తూ లేదు. ఉండాల్సిన చోట రెండు బెజ్జాలు మాత్రం ఉన్నాయి. "సార్, ఈ బండి అసలు..."

"నాకు నేర్పకమ్మాయ్," అన్నాడు వెర్లిన్ ఆయాసపడుతూ. "గుర్తు పీకేస్తే పోల్చుకోలేననుకున్నారా. ఆ మూతి చూడు. ఆ దీపాల మధ్య ఎడం చూడు. బతుకంతా కార్ల మధ్యే గడిపినోణ్ణి. కళ్ళు మూసుకుని, చేత్తో తడిమి చెప్తా ఏది ఎవరి బండో."

డ్రైవరు ఆ అమ్మాయి భుజం తట్టి, వాదన పెట్టుకోవద్దన్నట్టు సైగ చేశాడు. తర్వాత ఆర్లిస్‌ని పక్కకు పిలిచాడు.

"స్పృహలో ఉన్న మనిషి వద్దంటే ఎత్తుకెళ్ళే హక్కు మాకు లేదమ్మా. ఎలాగోలా ఒప్పించండి. టైము లేదు."

అంతలో పక్కింటి డెల్మర్ కంచె దాటుకుని వచ్చాడు, చేతిలో కారు తుడిచే గుడ్డతో. ఫ్లింట్‌లో షెవర్లే ఫ్యాక్టరీ మనిషి. వెర్లిన్‌కి ప్రాణ స్నేహితుడు, జన్మ విరోధి కూడా. విషయం విని అంబులెన్స్ చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద ముద్దుగా తట్టాడు.

"షెవర్లేనే, అనుమానం లేదు. చూశావట్రా, ప్రాణం మీదికొస్తే చివరికి మావాడే రావాల్సొచ్చింది."

అనేశాక గానీ చూడలేదు, వెర్లిన్ పెదాలు నీలంగా మారడం. డెల్మర్ నవ్వు మాయమైంది.

"ఒరేయ్, ఎక్కరా. ఎవరికీ చెప్పను."

"నువ్వా? సాయంత్రానికల్లా ఊరంతా చాటింపేస్తావ్."

ఆర్లిస్‌కి ఇక ఏడుపు ఆగలేదు. "డెల్మర్, నీ కాళ్ళు పట్టుకుంటా, ఏదో ఒకటి చెయ్యి."

డెల్మర్ చుట్టూ చూశాడు. వాకిట్లో వెర్లిన్ ఫోర్డ్ పికప్ ట్రక్కు నిలబెట్టి ఉంది. గబగబా దాని వెనక్కి పోయి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. ఫట్‌మని చప్పుడైంది. నీలం రంగు ఫోర్డ్ బిళ్ళ చేత్తో పట్టుకొచ్చి, టెస్ దగ్గర ప్లాస్టర్ అడిగి, అంబులెన్స్ మూతికి అతికించాడు. జీవితంలో అతను ఆ బిళ్ళని ముట్టుకోవడం అదే మొదలు. చేతిని గుడ్డకేసి తుడుచుకున్నాడు.

"ఇదిగో. ఇప్పుడిది ఫోర్డ్. ఎక్కు."

వెర్లిన్ తల కొంచెం ఎత్తి, చాలాసేపు చూశాడు.

"వంకరగా పెట్టావ్."

డెల్మర్ పళ్ళు నూరుతూ సరిచేశాడు.

"సరే," అని కళ్ళు మూసుకున్నాడు వెర్లిన్. "ఎక్కించండి."

గండం గడిచింది. గుండె నాళంలో అడ్డు తొలగించారు. రెండో రోజుకి వెర్లిన్ ఆసుపత్రి మంచం మీద దిండుకి ఆనుకుని, పంచదార లేని జెల్లీ తింటూ మొహం చిట్లిస్తున్నాడు. ఎదురుగా కుర్చీలో డెల్మర్ కాలు మీద కాలేసుకున్నాడు.

"ఒప్పుకో. నిన్ను బతికించింది షెవర్లే."

"బతికించిందా? చంపినంత పని చేసింది. ఆర్లిస్ ఏడుస్తుంటే చూడలేక ఎక్కానుగానీ, నువ్వు బిళ్ళ అతికిస్తే నమ్మేశాననుకున్నావా? దారి పొడుగునా ప్రతి గుంతా నా వెన్నులో దిగింది. అదే ఫోర్డ్ అయితేనా, ఉయ్యాల్లో పడుకున్నట్టుండేది."

"అంత జోరుగా లాక్కొచ్చింది కాబట్టే ఇవాళ జెల్లీ తింటున్నావ్. ఆ ఇంజన్ మోత విన్నావా? ఇంటి గుమ్మంలోంచి విన్నా చెప్తా, మా ఫ్లింట్ మోత అది."

"మోత కాదు, మూలుగు."

గొంతులు లేచాయి. మంచం పక్కన యంత్రం కూత పెట్టింది. నర్సు తొంగి చూసి, వేలు చూపించి పోయింది. ఆర్లిస్ మాత్రం వాళ్ళని ఆపలేదు. వీళ్ళిలా తిట్టుకోవడం మళ్ళీ వింటానని ఆవిడ అనుకోలేదు. ఆ తిట్లు చెవులకి చల్లగా ఉన్నాయి.

తలుపు తోసుకుని టెస్ లోపలికొచ్చింది. వెర్లిన్ బాగున్నాడని చూసి నవ్వి, నీలం బిళ్ళని జెల్లీ గిన్నె పక్కన పెట్టింది.

"మీది మీకిచ్చేద్దామని వచ్చాను సార్. కిందటి నెల జింక అడ్డమొచ్చి మా బండి బిళ్ళ విరిగిపోయింది. పొద్దున కొత్తది బిగించాం, అచ్చం ఇలాంటిదే."