తేనెటీగలకు చెప్పని చావు

చచ్చిపోయినవాడికి తుమ్ము రాకూడదు, అనుకుంటున్నాడు జెర్విస్, ముక్కు గట్టిగా నులిమి పట్టుకుని. ఆకలి వేయొచ్చా? తెల్లవారుజామున ఏదో పాత పాట గుర్తొచ్చి పెదవి కదిలింది, అదీ తప్పేనా? గడ్డం మాత్రం పెరుగుతూనే ఉంది. చచ్చినవాళ్ళకూ కొన్నాళ్ళు పెరుగుతుందంటారు. మరి తేడా ఎక్కడ?

చర్చి ఆవరణలో అతని పేరు చెక్కిన రాయి కింద ఇంకెవరో పడుకుని ఉన్నారు. జెర్విస్ పోరాడిన రాజుగారి సైన్యం ఓడిపోయిన రోజున, ముఖం ఆనవాలు లేని ఒక శవానికి అతని ఎర్ర నడికట్టు కట్టి, భార్య ఉర్సులా ఏడుస్తూ బండిలో ఇంటికి తెచ్చుకుంది. అప్పటినుంచీ జెర్విస్ ఇక్కడే, పొగగొట్టం పక్కన, ఎప్పుడో తాత నిషేధంలో ఉన్న మతగురువులను దాచడానికి గోడలో కట్టించిన అరలో, నిలువుకాళ్ళ మీద ఉన్నాడు.

గోడ పగులులోంచి తోట కనిపిస్తుంది. నల్లబట్టల్లో ఉర్సులా. ఎదురుగా, రాజు మీద తిరగబడ్డ పార్లమెంటు సైన్యపు కెప్టెన్ జబెజ్ క్రేన్. పక్క ఊరి కౌలురైతు కొడుకు. జెర్విస్ గుర్రం ఎదురొస్తే ఒకప్పుడు టోపీ తీసి బురదలోకి తప్పుకునేవాడు. ఇప్పుడా టోపీ నెత్తి మీదే ఉంది.

సమాధి చూసే వచ్చానన్నాడు క్రేన్. రాయి బాగుందన్నాడు. "దొరగారి జుట్టు భుజాల దాకా ఉండేది కదా. పెట్టెలో పట్టిందా?" అని అడిగాడు. తన మాటకు తనే నవ్వి, గోడ వారన వరసగా ఉన్న, తేనెటీగలు పెంచే గడ్డిబుట్టల వైపు తిరిగాడు. నవ్వు ఆగిపోయింది.

"వీటికి నల్లగుడ్డ కట్టలేదేం, అమ్మగారూ?"

ఉర్సులా బుట్టల వైపు చూసింది.

"మా తాత పోయినప్పుడు శవానికి స్నానమైనా చేయించకముందే మా అమ్మ తాళంచెవి పట్టుకుని బుట్టలు తట్టి చెప్పడానికి పరిగెత్తింది. ఇంటాయన పోయాడని చెప్పకపోతే ఈగలు లేచిపోతాయి కదా. మీరింకా చెప్పనేలేదు."

దుఃఖంలో మరిచిపోయానంది ఉర్సులా. మరవలేదని జెర్విస్‌కు తెలుసు. పాదిరికి అబద్ధం చెప్పింది, కన్నతల్లికి చెప్పింది, ఊరందరికీ చెప్పింది. ఈ బుట్టల దగ్గర మాత్రం ఆమెకు నోరు రాలేదు. బతికున్నవాణ్ణి పోయాడని ఈగలకు చెబితే అది నిజమై కూర్చుంటుందట. ఆమె ఆ మాట అన్నప్పుడు అతను నవ్వాడు. పుస్తకాలు చదువుకున్నవాడు మరి.

"మరిచిపోతే ఇప్పుడు చెప్పండి. నేనూ టోపీ తీస్తాను," అన్నాడు క్రేన్. చెప్పలేనంటే ఇల్లంతా తవ్వించాల్సి వస్తుందని, దొరగారు గనక దొరికితే ఉరికి ఆ ఆపిల్ చెట్టు కొమ్మ చాలునని, వానొచ్చేలా ఉందన్నంత మామూలుగా అన్నాడు.

ఉర్సులా నడుమున వేలాడే తాళంచెవి తీసింది. మొదటి బుట్టను మూడుసార్లు తట్టింది.

"మీ యజమాని పోయాడు. ఇకమీద ఈ ఇంటికి నేనే యజమానిని. నన్ను వదిలి వెళ్ళకండి."

గొంతు వణకలేదు. వణకాల్సింది, అనుకున్నాడు జెర్విస్. 'నేనే' అన్న చోట ఆమె వెన్ను కొంచెం నిటారుగా అయినట్టుంది. లేక తనకలా అనిపించిందా? రెండో బుట్ట దగ్గర ఆమె ఇంకా బాగా చెప్పింది. చివరి బుట్టకు వచ్చేసరికి, విన్నవాళ్ళెవరైనా నమ్మేస్తారు. అతనికే గుండెల్లో ఎక్కడో చల్లబడింది.

ఈగలు బయటికి వచ్చాయి. ఎగిరిపోలేదు. గోడ పట్టుకుని, ఒకదాని వెనక ఒకటి, పగులు దాకా పాకాయి. లోపల వెలుగు తగ్గిపోయింది. చేతుల మీద, మెడ మీద, కనురెప్పల మీద వాలాయి. ఒక్కటీ కుట్టలేదు. చివరిచూపు కోసం వచ్చిన బంధువుల్లా మెల్లగా అతని ముఖమంతా తడిమాయి.

"అటెక్కడికమ్మా పోతున్నాయి?" బయట క్రేన్ గొంతు.

గోడలో పాత తేనెపట్టు ఒకటి ఉందంది ఉర్సులా.

"అయితే వాటికీ చెప్పాలిగా."

బూట్ల చప్పుడు, వెనకే ఉర్సులా అడుగుల చప్పుడు మెట్లెక్కింది, గది దాటింది, అరకు అడ్డంగా ఉన్న చెక్కపలక అవతల ఆగింది. పలకకు చెవి ఆనించాడేమో, క్రేన్ ఊపిరి కూడా వినిపిస్తోంది.

"మా అమ్మ చెప్పేది," అన్నాడు నెమ్మదిగా. "మాట నమ్మితే అవి రొద చేస్తాయి, కొత్త యజమానిని ఒప్పుకున్నట్టు. నమ్మకపోతే కిక్కురుమనవు. రొద వినిపిస్తే నా దారిన నేను పోతాను. లేకపోతే గొడ్డలి తెప్పిస్తాను. చెప్పండి."

తాళంచెవి చెక్కను మూడుసార్లు తట్టింది.

అదే అతనికీ ఉర్సులాకూ మధ్య గుర్తు. శత్రువులు వెళ్ళిపోయారు, గడియ తియ్యి, అని. అన్నీ తెలిసి కూడా అతని చెయ్యి అలవాటున గడియ మీదికి వెళ్ళింది.

"మీ యజమాని పోయాడు," అంది ఉర్సులా. ఈసారి గొంతు వణికింది.

రెక్కలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ముఖం మీద, పెదవుల మీద, కదలకుండా, బరువుగా. ఔనో కాదో అతని నోటి నుంచే వినాలని కాచుకున్నట్టు.

"వినపడటం లేదే," అన్నాడు క్రేన్.

"ఇకమీద ఈ ఇంటికి నేనే యజమానిని. నన్ను వదిలి వెళ్ళకండి."

జెర్విస్ గడియ మీంచి చెయ్యి తీసేశాడు. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, గొంతు లోపల సన్నగా రొద మొదలుపెట్టాడు.