ఆలోచించి చెప్పే మనిషి

కాకినాడలో ఆ వీధి మొత్తానికి మిగిలిన చివరి రాగితీగ సుభద్రమ్మగారింటిదే. దాన్ని తీసేసి ఫైబర్ వేయడానికి లైన్‌మన్ జోజిబాబు వచ్చాడు. పోయినవాళ్ళు ఇంటింటా గోడపెట్టెల్లోంచి మాట్లాడే రోజులవి. ఎవరికీ అది వింతగా ఉండేది కాదు.

"ఏవండీ, పప్పులో మామిడికాయ వెయ్యనా?" అని ఆవిడ అడిగింది.

పెట్టె పలకలేదు. ఆవిడ కాయ చెక్కు తీసి, ముక్కలు కోసి, కత్తిపీట కడిగి మూలన పెట్టింది. అప్పుడు వినిపించింది భర్త గొంతు. "వెయ్యి. మరీ పులుపేమో చూడు."

"లైను బాగా నెమ్మదండి," అన్నాడు జోజిబాబు.

"లైను కాదు బాబూ. బతికున్నప్పుడూ అంతే, ఏదడిగినా ఆలోచించి గానీ చెప్పేవారు కాదు."

అతను నవ్వుకుంటూ రాగితీగ కత్తిరించి, ఫైబర్ తగిలించాడు. "ఇప్పుడడగండి."

"ఏవండీ, ఉప్పు..."

"చెంచాన్నర చాలు సుభద్రా. ఆ తర్వాత కారం అడుగుతావు, అది ఒక్క చెంచా."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. మెల్లగా జోజిబాబు వైపు తిరిగింది. "ఎవర్ని తెచ్చిపెట్టావు బాబూ?"

"నేనే సుభద్రా, భయపడకు," అంది పెట్టె వెంటనే.

ఆవిడ ఫైబర్ తీగ ఊడబీకింది. పెట్టె మీద దీపం ఆరిపోయింది. పీట వేసుకుని దాని ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, కోపం వచ్చిందా?"

కుక్కర్ మూడు కూతలు కూసింది. రాగితీగ తెగిపోయింది, పెట్టె ఇక పలకదని చెప్పబోయాడు జోజిబాబు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఉండు బాబూ, ఆలోచిస్తున్నారు."