కౌండిన్యా!

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందిట. ఇదిగో, వీళ్ళే!" అన్నాడు కౌండిన్య, అవతలి టీముని చూసి.

అవతల ఉన్నది అమలాపురం దగ్గర కాలవగట్టున ఓ చిన్న డిగ్రీ కాలేజీ. ఆడపిల్లల టీము. లెక్కపెడితే ఏడుగురే. అందరిలోకీ పొడుగు పిల్ల అయిదడుగుల రెండంగుళాలు. కోర్టు మీద ఎవరో ఆరబోసిన ధాన్యం ఎత్తేదాకా ఆగి, అప్పుడు ప్రాక్టీసు చేస్తారట.

"కొబ్బరికాయలు దింపుకునే ఊళ్ళో బాస్కెట్‌బాలేమిటి? వీళ్ళకి వార్మప్ కూడా దండగ," అన్నాడు తన పిల్లలతో.

కౌండిన్య పట్నంలో పెద్ద కాలేజీకి కోచ్. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని నోటికి ఏ ఊరూ మంచిది కాదు. మీదే ఊరని అడిగితే మాత్రం హైదరాబాద్ అని ఊరుకుంటాడు. ఎండైనా వానైనా నిక్కరే వేస్తాడు. కుడి మోకాలి మీద జానెడు మచ్చ లోకానికి కనపడాలి కదా! "స్టేట్ సెమీఫైనల్లో తగిలింది. రక్తం కారుతున్నా ఆడాను," అని ఏటా కొత్తగా చేరిన పిల్లలకి చెబుతాడు.

ఈ సీజన్లో కాలేజీల కప్పు గెలిస్తే యూనివర్సిటీ టీముకి కోచ్ అతనే. యూనివర్సిటీలో ఆటల వ్యవహారం చూసే పెద్దాయన మాట కూడా ఇచ్చేశాడు. పదిహేనేళ్ళుగా కౌండిన్య కన్ను ఆ కుర్చీ మీదే ఉంది.

కొత్తపేటలో మొదటి మ్యాచ్. కాలవగట్టు పిల్లలు పన్నెండు పాయింట్ల తేడాతో గెలిచారు.

"గాలివాటం," అన్నాడు కౌండిన్య.

వాళ్ళ పాస్‌లు చూస్తే అతనికి ఒళ్ళు మండింది. బంతి ముందుకి పోవలసిన చోట వెనక్కొస్తోంది. వెనక్కొస్తుంది కదా అని కాపు కాస్తే, ఒక్క క్షణం ఆగి ముందుకి పోతోంది. పైగా పిల్లలు పెదాలు కదుపుతూ ఏదో గొణుక్కుంటున్నారు. ఆటా అది? అష్టాచెమ్మా నయం.

ఒక్క సంగతి మాత్రం అతనికి నచ్చింది. ఎవరైనా పాస్ తప్పితే, తక్కినవాళ్ళంతా ఒక్క గొంతుతో "కౌండిన్యా!" అని అరుస్తున్నారు.

"చూశావా, నా పేరు తలుచుకుని వణుకుతున్నారు," అన్నాడు తన కెప్టెన్ మెర్సీతో.

"వణుకుతున్నట్టు లేరు సార్. నవ్వుతున్నారు."

"భయమేస్తే కొందరికి నవ్వొస్తుంది."

రాజోలులో రెండో మ్యాచ్. ఈసారి ఫోన్లో వీడియో తీయించాడు. విరామంలో అది చూసి ఏ పిల్ల ఎవరికి పాసిచ్చిందో పుస్తకంలో అంకెలేశాడు. ఒకటి రెండు. రెండు ఒకటి. ఒకటి రెండు మూడు. ఎక్కడో విన్నట్టే అనిపించింది. కుడిచేతి బొటనవేలు దానంతటదే వేళ్ళ కణుపుల మీద నడవడం మొదలుపెట్టింది. విసుగొచ్చి ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఒకటో క్లాసు అంకెలు," అని పుస్తకం మూసేశాడు. ఆ మ్యాచ్ కూడా పోయింది.

అయినా తక్కిన కాలేజీలన్నిటినీ ఓడించి ఈ రెండు జట్లే ఫైనల్‌కి వచ్చాయి. అమలాపురంలో ఆట. జనం గోడలెక్కి చూశారు. ఆఖరి నిమిషంలో కౌండిన్య టీముదే ఒక పాయింటు ఆధిక్యం. బంతి కాలవగట్టు కెప్టెన్ శ్రీవిద్య చేతిలో ఉంది.

"వెనక్కిస్తుంది! వెనక్కే!" అని అరిచాడు కౌండిన్య.

బంతి ముందుకి పోయింది. బుట్టలో పడింది.

మాట ఇచ్చిన పెద్దాయన కౌండిన్య వైపు చూడకుండానే వెళ్ళి, కాలవగట్టు ఫిజికల్ డైరెక్టర్ వెంకటదుర్గ చేతిలో కప్పు పెట్టాడు. కౌండిన్య బెంచీ మీద కూలబడ్డాడు. ఏడుపొకటే తక్కువ.

వెంకటదుర్గ తనే వచ్చి పలకరించింది. "మీ పిల్లలు బాగా ఆడేరండీ."

"ఏ యూట్యూబ్‌లో చూసి నేర్పారేమిటి?"

"యూట్యూబెక్కడిదండీ! మా శ్రీవిద్య వాళ్ళ తాతగారు చెప్పేరు. బాలగంగాధర ఘనపాఠిగారని. తోలు బంతని ముట్టుకోరు కూడానూ. అరుగు మీద కూర్చునే చెప్పేరు. వేదంలో ఒక్క మాట కూడా జారిపోకుండా ముందుకీ వెనక్కీ వల్లె వేస్తారు కదండీ, ఘన అనీ. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్ళీ ఒకటి రెండు మూడు. మా ఆట అదేనండీ. ఆడపిల్లలకి మంత్రం చెప్పనన్నారు గానీ, లెక్క చెప్పడానికేం అన్నారు."

కౌండిన్య కుడిచెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది.

"మరి నా పేరెందుకు మధ్యలో?"

వెంకటదుర్గ నాలిక కరుచుకుంది.

"అయ్యో, మిమ్మల్ని కాదండీ బాబూ! పేరు కలిసిందని మా పిల్లలు ఒకటే నవ్వు. ముప్ఫయ్యేళ్ళ కింద తాతగారి దగ్గర ఓ శిష్యుడుండేవాడంటండీ. బంగారంలాంటి గొంతంట. ఘన సగంలో ఉండగా, బంతాట పిచ్చిలో పడి పెరటిగోడ దూకి పారిపోయేడంట. గోడ మీద గాజుపెంకులకి మోకాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా వెనక్కి తిరిగి చూళ్ళేదంట. అప్పట్నించీ ఎవరు ఏం తప్పినా తాతగారు వాడి పేరు పెట్టే తిడతారు. పిల్లలకీ అదే అలవాటైపోయింది. మీరేమీ అనుకోకండేం?"

కౌండిన్య భుజం మీది తువ్వాలు తీసి, కుడి మోకాలి మీద కప్పుకున్నాడు.