బెరడు తీసిన కట్టెలు

ఐర్లండ్‌లోని లీక్స్‌లిప్‌లో ఇల్లు కొన్నప్పుడు పురుషోత్తం చేతిలో ఉన్నవి ఒక మసాలా దినుసుల కొట్టు, పెరట్లో నాలుగు ఎల్మ్ చెట్లు, కృపారావు అనే స్నేహితుడు. మూడింటిలోకీ లాభసాటి బేరం చెట్లేనని అతని లెక్క.

ఊరి చుట్టూ క్రేన్లు. పొలాల్లో ఒకే అచ్చులో పోసినట్టు ఇళ్ళు లేస్తున్నాయి. అంత పెద్ద చెట్లున్న పెరడు ఆ వీధిలో మరొకరికి లేదు. కందిపప్పు తూస్తూ కూడా వాటి గురించే చెప్పేవాడు.

"ఇల్లు ఎవడైనా కడతాడండీ. నూరేళ్ళ చెట్టును కట్టమనండి చూద్దాం!"

2002 వేసవిలో, వరసలో చివరనున్న చెట్టు కొమ్మ ఒకటి ఉన్నట్టుండి పసుపుబారి వాలిపోయింది.

చెట్లు కోసే డెక్లాన్ వచ్చి బెరడు ఒలిచి చూపించాడు. లోపలి వైపు దువ్వెనతో గీసినట్టు సన్నటి గీతలు.

"పురుగు తొలిచిన దారులివి. తెగులును మోసుకుతిరిగేది అదే," అన్నాడు. "చెట్టు కొట్టెయ్యాలి. వచ్చే వేసవికి ఈ బెరడులోంచే పురుగులు ఎగిరి పక్క చెట్ల మీద వాలతాయి. ఈలోపే బెరడంతా కాల్చెయ్యండి. బెరడున్న ముక్క ఒక్కటి మిగిలినా ఆ మూడూ మీకు దక్కవు."

చెట్టు కూలిన రోజు కృపారావు పొద్దున్నే వచ్చాడు. నర్సుగా వచ్చిన భార్య ఎస్తేరమ్మ వెంట ఈ దేశంలో దిగినవాడు. అతని వీసాకు పనిచేసే అనుమతి లేదు. ఖాళీగా కూర్చోలేక స్నేహితుడి ఇంటి పనులన్నీ నెత్తిన వేసుకునేవాడు. వేళ్ళ గుండా కూడా తెగులు పాకుతుందని డెక్లాన్ అంటే, మిగతా చెట్లకు అడ్డంగా కందకం తవ్వింది అతనే.

మధ్యాహ్నం పురుషోత్తం భార్య శాంత, డెక్లాన్‌నూ కృపారావునూ టీకి లోపలికి పిలిచింది. అల్లం టీ రెండు కప్పులు తాగి డెక్లాన్ "గ్రాండ్" అని మెచ్చుకున్నాడు. పురుషోత్తం మాత్రం దుంగల దగ్గరే ఉండిపోయాడు.

సాయంత్రం కట్టెలన్నీ కృపారావుకే ఇచ్చేశాడు.

"నీ అద్దె కొంప చలికి వణుకుతోందిగా, తీసుకుపో. బెరడు సంగతి మాత్రం మర్చిపోకు తమ్ముడూ."

"ముందు బెరడు కాల్చాకే కట్టె ముట్టుకుంటానన్నా. మీ చెట్లు నావి కావా?"

ఆ చలికాలం ఆదివారాలు బాగా గడిచాయి. షెడ్డు పక్కన మొద్దు వేసుకుని పురుషోత్తం మటన్ కొట్టేవాడు. కృపారావు పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగేవాడు.

"మా ఊరి కసాయి చింతమొద్దు కూడా దీని ముందు దిగదుడుపే. ఎక్కడ పట్టారన్నా?"

"వ్యాపారం చేసేవాణ్ణి. సరుకు ఎక్కడిదో చెబుతానేంట్రా?"

ఇద్దరూ నవ్వుకునేవారు.

జూన్ వచ్చింది. మిగిలిన మూడు చెట్ల కొమ్మలూ ఒకదాని వెంట ఒకటి పసుపుబారాయి. డెక్లాన్ కందకం చూశాడు, చెట్ల పైకెక్కి చూశాడు, దిగివచ్చి తల అడ్డంగా ఊపాడు.

"వేళ్ళ నుంచి రాలేదు, పైనుంచే వాలింది. బెరడున్న ముక్కను ఎవరో దాచుకున్నారు. దగ్గర్లోనే."

పురుషోత్తం తిన్నగా కృపారావు ఇంటికి వెళ్ళాడు. పక్క గోడ వారగా, టార్పాలిన్ కింద, కాల్చగా మిగిలిన కట్టెలు కనిపించాయి.

"చలి కాచుకోమని ఇస్తే నా పెరటికే చితి పేర్చావు కదరా!"

"ఏంటన్నా ఆ మాట? దేవుడి తోడు, ప్రతిదీ గీకి కాల్చాకే పేర్చాను. ఇటొచ్చి చూడండి."

"నిన్ను చూశాను, చాలు. ఇంటివాడిలా చూసుకుంటే నమ్మకద్రోహం చేశావు. ఇక నా గడప తొక్కకు."

గుమ్మంలో ఎస్తేరమ్మ నిలబడి ఉంది. ఆమె ఎదుట ఆ మాట పడినందుకు కృపారావు తల ఎత్తలేకపోయాడు.

మూడు చెట్లూ నేలకొరిగాయి. ఎదురు ఎస్టేటులోని కొత్త ఇళ్ళ కిటికీలన్నీ పెరట్లోకి తొంగిచూశాయి. కొట్టులో తెలుగువాళ్ళు ఎవరు కనబడ్డా పురుషోత్తం కృపారావు ద్రోహం గురించి చెప్పకుండా పొట్లం కట్టలేదు.

కొన్నాళ్ళకు ఎస్తేరమ్మకు గాల్వేలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయిన రోజు పురుషోత్తం గేటు ముందు కట్టెల వరస ఉంది. మిగిలిన ప్రతి ముక్కా తెచ్చి పేర్చి వెళ్ళాడు కృపారావు. పప్పులో రాళ్ళు ఏరినట్టు పురుషోత్తం ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఎక్కడా గోరంత బెరడు లేదు. అన్నీ నున్నగా ఉన్నాయి.

"బెరడున్న ముక్కను ముందే తగలేసుకుని ఉంటాడు," అన్నాడు భార్యతో.

శాంత మటన్ పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. ఆదివారం మరి.

షెడ్డు పక్కన ఒక్కడే కూర్చుని కత్తి ఎత్తి రెండు దెబ్బలు వేశాడు. మొద్దు పక్క నుంచి అరచేతంత బెరడు పెచ్చు ఊడి వెల్లకిలా పడింది. లోపలంతా దువ్వెనతో గీసినట్టు సన్నటి గీతలు.

నాలుగు చెట్లూ, ఒక స్నేహితుడూ పోగా పురుషోత్తానికి చివరికి మిగిలింది, డెక్లాన్ టీకి లోపలికి వెళ్ళినప్పుడు, బెరడు ఉంటేనే పగలకుండా ఉంటుందని తన చేతులతో తనే షెడ్డు వెనక్కి దొర్లించి దాచుకున్న ఆ ఎల్మ్ మొద్దు.