ఏదుపంది అత్త చెయ్యెత్తిన సభ

అడవిలో సభ జరిగినప్పుడల్లా ముంగిసకి ఒక వింత కనిపించేది. అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆగి ఏదుపంది అత్త నవ్వేది. ఎందుకలా?

ఆ రోజు కొండముచ్చు పెద్ద ఎప్పటిలాగే కొమ్మల మీద అటూ ఇటూ తిరుగుతూ అడిగాడు. "తూర్పు గట్టు మీది బొరియ పూడ్చి దారి వేద్దామా?" అందరూ చేతులెత్తారు. కాస్త ఆగి ఏదుపంది కూడా ఎత్తింది.

ఆ బొరియ ఆమెదే!

ముంగిసకి ఉండబట్టలేదు. వెనకనుంచి "అత్తా!" అని పిలిచింది. ఆమె కదలలేదు. ఎదురుగా వెళ్ళి, "నీ ఇల్లు పూడ్చడానికి నువ్వే ఒప్పుకున్నావేం?" అని మెల్లగా అడిగింది.

ముంగిస పెదాల కదలిక చూసి మాట పోల్చుకోగానే ఏదుపంది ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. "నా ఇల్లా? నాకు వినపడక మూడేళ్ళయింది తల్లీ. మళ్ళీ చెప్పమంటే విసుక్కుంటారని, పక్కవాళ్ళని చూసి చెయ్యెత్తుతున్నాను."

ముంగిస సభ ఆపించి సంగతి చెప్పింది. "అయితే ఇంకా గట్టిగా అరుస్తాను," అన్నాడు కొండముచ్చు.

ఆ మాట ముంగిస చేత్తో చూపించగానే ఏదుపంది తల అడ్డంగా ఊపింది. "అరిస్తే ఉరిమినట్టుంటుంది, మాట తెలీదు. వెలుగులో నా వైపు తిరిగి, ఒకరి తర్వాత ఒకరు చెప్పండి."

కొండముచ్చు కిందికి దిగి, ఎండలో ఆమె ఎదుట కూర్చున్నాడు. గట్టు చూపించి, మట్టి తోసినట్టు చేసి మళ్ళీ అడిగాడు.

"వద్దు," అంది ఏదుపంది. "వాగు పక్కన ఇంతకన్నా దగ్గరి దారుంది, రండి చూపిస్తాను."

అందరూ లేవబోతుంటే వెనక వరసలోని ముసలి అడవిపంది మొహమాటంగా ముందుకొచ్చింది.

"నిరుటి సభలో ఏం తేల్చారో, అది కూడా ఇలాగే ఒకసారి చెబుతారా?"