మదర్ పోయింది

కంప్యూటర్ బటన్ నొక్కిందామె. ఫ్యాన్ తిరిగింది. పెట్టె మూడుసార్లు కీచుమంది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

"పొద్దుట్నుంచి ఇదే వరస," అన్నాడు మేనేజరు వెనకనుంచి. "మూడింటికి ఎంక్వైరీ ఆఫీసరు వస్తారు. ఈలోపు నేనా ఫైళ్లన్నీ ఒకసారి సర్దుకోవాలి. నీవల్ల కాకపోతే చెప్పు, బయటి మనిషిని పిలిపిస్తా."

కిందటి నెల ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ కింద నలిగి ఒక పనివాడి నాలుగు వేళ్లు పోయాయి. తప్పు అతనిదా, మిషన్‌దా అన్నది ఈరోజు తేలాలి. మిషన్ బాగాలేదని అతను ముందే పెట్టుకున్న ఫిర్యాదులన్నీ ఈ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

"పదకొండేళ్లుగా ఇక్కడ కంప్యూటర్లు చూసేది నేను," అందామె. "దీనిమీద ఇంకొకళ్ల చెయ్యి పడనివ్వను."

ఆఫీసులో ఆమెకు మొండిఘటం అని పేరు. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడా.

వైరు మార్చింది. పవర్ సప్లై విప్పి ఇంకోటి తగిలించింది. గుండీ అంత బ్యాటరీని తీసి మళ్లీ పెట్టింది. లోపలి దుమ్ము ఉఫ్ఫని ఊదితే పోయి మేనేజరు చొక్కామీద పడింది. సారీ చెప్పలేదు.

మళ్లీ అదే కీచు.

"మదర్ పోయినట్టుంది," అంది.

గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ టోపీ తీసేశాడు. "అయ్యో, ఎప్పుడమ్మా?"

"మదర్‌బోర్డు, బాబాయ్."

మేనేజరుకి నవ్వు రాలేదు. "రెండున్నరైంది. లే అక్కణ్నుంచి. లేవకపోతే రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు."

ఇంట్లో ఉద్యోగం చేసేది ఆమె ఒక్కతే. అయినా కుర్చీ మరింత ముందుకు జరుపుకుంది.

"రేపటి సంగతి రేపు. ఈపూట మాత్రం లేవను."

మేనేజరు పళ్లు నూరుతూ ఫోన్ చేశాడు. బయటి మనిషి దారిలో ఉన్నాడట. అతనికంటే ముందే ఎంక్వైరీ ఆఫీసరమ్మ వచ్చేసింది.

"ఏం చెప్పమంటారు మేడమ్, కంప్యూటరు మొత్తం పోయింది," అన్నాడు మేనేజరు. "మీకు చూపించడానికి ఏమీ మిగల్లేదు." అంటుంటే అతని మొహం కాస్త తేటపడింది.

ఆమె లేచి ఆఫీసరమ్మకు కుర్చీ వేసింది. తర్వాత హ్యాండ్‌బ్యాగు తెరిచి, పొద్దున్న అందరికంటే ముందొచ్చి తన చేత్తోనే కంప్యూటర్లోంచి పీకి దాచిన, అది లేందే తెర వెలగని ర్యామ్ ముక్కను బయటికి తీసింది.