చుట్లు లెక్కపెట్టేది

మునికృష్ణ చుట్టిన మోటారు మూడోసారి కాలింది. ఈసారి పొగ బావిలోంచి లేచి కర్ణాటక దాకా కనిపించిందని చూసినవాళ్లు ఒట్టేసి చెప్పారు.

"ఇంగొక్క మోటారు కాలిందంటే నీ అంగడికి మేమే బీగం ఏస్తాం, సూడు," అన్నాడు బావి ఆసామి గోవిందప్ప.

మదనపల్లెలో మునికృష్ణకు ఉన్నదల్లా ఆ వైండింగు అంగడే. చేతిలో పనితనముంది. లెక్కే నిలవదు. రాగితీగ చుడుతుంటే ఎవరైనా తుమ్మితే చాలు, అరవయ్యో చుట్టు కాస్తా లెక్కలో ఎనభయ్యోదైపోయేది. చుట్లు తగ్గిన కాయిలు ఊరుకుంటుందా? కాలుతుంది.

చుట్లు లెక్కపెట్టే మీటరు బెంగళూరులో దొరుకుతుంది. ఆ ధరకు దూడతో సహా పుంగనూరు ఆవు వస్తుంది.

కుప్పంలో అంకయ్య ఇంట్లో అలాంటిదొకటి ఊరికే పడి ఉందని ఎవరో చెప్పారు. మునికృష్ణ మరునాడే వెళ్లాడు.

"పట్టు రాట్నం ఉన్నన్నాళ్లూ దీనికి పనుండె. రాట్నం అమ్మేస్తి. ఇది మిగిలిపాయె," అన్నాడు అంకయ్య.

వెంట తెచ్చుకున్న చక్రం పిడి పట్టుకుని మునికృష్ణ నూటముప్పైసార్లు తిప్పాడు. లెక్క నూటముప్పై వచ్చింది. కావాలని మధ్యలో ఆగాడు. వెనక్కి తిప్పాడు. గట్టిగా మాట్లాడాడు, తుమ్మాడు కూడా. ఊహూ, ఒక్క చుట్టు తప్పలేదు.

"ఎంతియ్యమంటావన్నా?"

"దుడ్డేం వద్దప్పా, తీసుకపో. బాగలేదని మళ్లా తెచ్చి ఈడ పడేయొద్దు, అంతే."

పుంగనూరులో బస్సు మారి, దాన్ని కిటికీ పక్కన పెట్టుకుని, ఎవరూ తగలకుండా అడ్డంగా కూర్చుని మునికృష్ణ మదనపల్లె చేరాడు.

అంగడిలో ఒక మూల చోటిచ్చాడు. కరెంటు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. వారానికోసారి కాస్త నూనె. చలికాలంలో ఒక గోనెపట్ట. అంతే. మూడేళ్లలో ఒక్క మోటారు కాలలేదు. కలకడ నుంచి కూడా మోటార్లు బండెక్కి వచ్చేవి.

"యాడ పట్టినావప్పా దీన్ని!" అన్నాడు గోవిందప్ప, కళ్లు పెద్దవి చేసుకుని.

"కుప్పంలో. ఊరకనే ఇచ్చినారు."

ఎప్పుడైనా లెక్క తడబడితే పక్కన ఒక్కటిచ్చేవాడు. మళ్లీ సరిగ్గా నడిచేది.

"మా రేడియో గూడా ఇంతే. కొడితేగాని పలకదు," అని గోవిందప్ప పడి పడి నవ్వాడు.

నాలుగో ఏడు చలికి అది మొరాయించసాగింది. లోపల ఏదో గరగరమనేది. పదికోసారి ఆగేది. సరిగ్గా అప్పుడే లోవోల్టేజికి గోవిందప్ప మోటారు కాలింది. ఆయన టమోటా తోట నిలువునా ఎండుతోంది.

"ఎవరికన్నా సూపించరాదాప్పా?" అన్నాడు గోవిందప్ప.

"సూపిస్తే వారం రోజులు ఆడనే పెట్టుకుంటారు. నీ మోటారు ఎవరు సుట్టాల?"

గోవిందప్ప తోటను తలచుకున్నాడు.

"రేపటికి తిరగల్ల సూడు. లేదంటే బీగం మాట గుర్తుండాది గదా," అని మాత్రం చెప్పి వెళ్లాడు.

మునికృష్ణ చుట్టడానికి కూర్చున్నాడు. యాభైఆరు దగ్గర లెక్క ఆగింది. ఒకటిచ్చాడు. కదల్లేదు. గట్టిగా ఇంకొకటిచ్చాడు. పక్కకు ఒరిగి దబ్బున కింద పడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిడి తిప్పినా లెక్క రాలేదు.

"ఇప్పుడేనా నీకు పాడయ్యేదానికి పొద్దు దొరికింది!" అని తిట్టుకున్నాడు.

గోవిందప్పను కాళ్లావేళ్లా బతిమాలి మునికృష్ణ వారం గడువు తీసుకున్నాడు. నాలుగో రోజు కుప్పం బస్సెక్కాడు.

"అది పాయెనన్నా. బాగుచేసేదానికి గూడా లేదు. అట్లాంటిదే ఇంగోటి ఉండాదా?"

అంకయ్య మీసం దువ్వుకుంటూ ఇంట్లోకి తొంగిచూశాడు.

"దాని చెల్లెలుండాది, లెక్కలు దానంత బాగా రావుగాని, ఈసారన్నా తాళిబొట్టు కొత్తది తేప్పా."